బొండం నీళ్ళలో మొండి కేంద్రకం

కొబ్బరి బొండం నీళ్ళలో రేడియేషన్ ఉంది. ఇది వాట్సాప్ పుకారు కాదు, నిజంగానే ఉంది. అమలాపురంలో కొట్టించుకున్నా, రావులపాలెంలో బస్సు ఆగినప్పుడు కొట్టించుకున్నా, ఒక మోస్తరు బొండంలో అర గ్రాము పైచిలుకు పొటాషియం ఉంటుంది, ఆ పొటాషియంలో సెకనుకి ఓ పదిహేను ఇరవై కేంద్రకాలు తమంతట తామే ఇంకో మూలకంగా మారిపోతూ ఉంటాయి. అరటిపండులోనూ ఇదే కథ, అంకె కాస్త తక్కువ. చేలో చల్లే పొటాష్ బస్తా దగ్గరికొస్తే లెక్క లక్షల్లోకి పోతుంది, ఎందుకంటే 50 కిలోల బస్తాలో ఇంచుమించు పాతిక కిలోలు పొటాషియమే, కాబట్టి సెకనుకి ఏడెనిమిది లక్షల కేంద్రకాలు. రేడియేషన్ కొలిచే చిన్న గైగర్ కౌంటర్ ఎక్కడైనా దొరికితే ఆ బస్తాకి ఆనించి చూడండి, అప్పటిదాకా ఆగి ఆగి టిక్కుమన్నది వరసపెట్టి టిక్కుమంటుంది. బొండానికి ఆనిస్తే మాత్రం తేడా తెలీదు. ఉన్నదే తక్కువ, ఆ కాస్తని కూడా పీచూ నీళ్ళూ చాలావరకు లోపలే ఆపేస్తాయి.

ముందు టెన్షన్ సంగతి తేల్చేద్దాం. 70 కిలోల మనిషి ఒంట్లో ఎప్పుడూ 140 గ్రాముల దాకా పొటాషియం ఉంటుంది, అది లేకపోతే నరం పనిచేయదు, గుండె కొట్టుకోదు. అంటే మీరు ఇది చదువుతున్న ప్రతి సెకనులోనూ మీ ఒంట్లోనే నాలుగు వేలకి పైగా కేంద్రకాలు మారుతున్నాయి. బొండం తాగితే ఎక్కువైనదాన్ని కిడ్నీలు బయటికి తోసేస్తాయి, ఒంట్లో మొత్తం ఇంచుమించు అంతే ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళని డాక్టర్లు బొండం తాగొద్దనేది ఆ తోసేసే పని సరిగ్గా జరగదు కాబట్టి, దానికీ రేడియేషన్‌కీ సంబంధం లేదు. కాబట్టి నిశ్చింతగా తాగండి.

నాకు ఇందులో నచ్చిన సంగతి వేరే ఉంది. పొటాషియంలో ప్రకృతిలో దొరికేవి మూడు రకాలు, మూడింటిలోనూ ప్రోటాన్లు 19. న్యూట్రాన్లు 20 ఉంటే అది పొటాషియం-39, 22 ఉంటే పొటాషియం-41, ఈ రెండూ ఎప్పటికీ అలాగే ఉండిపోతాయి. మధ్యలో 21 న్యూట్రాన్లతో ఉన్న పొటాషియం-40 ఒక్కటే నిలవదు. లక్ష పొటాషియం పరమాణువుల్లో ఇవి ఓ 12 ఉంటాయి, బొండంలో టిక్కుమనేవన్నీ ఇవే. ఒక న్యూట్రాన్ తగ్గితే బాగానే ఉంది, ఒకటి పెరిగితే బాగానే ఉంది, మధ్యలో దీనికేమొచ్చింది? పోనీ నిలవనిదే అనుకుందాం, మరి అందులో సగం మారిపోవడానికి 125 కోట్ల ఏళ్ళు ఎందుకు పడుతోంది? పడిపోవాలనే ఉంది, కానీ పడదు. ఈ రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పాలంటే కేంద్రకం గురించి తెలిసిన ముఖ్యమైన సంగతులన్నీ బయటికి తీయాల్సిందే. కేంద్రకంలో ఏముంది అన్నది చిన్న ప్రశ్న, ప్రోటాన్లూ న్యూట్రాన్లూ అని ఒక్క ముక్కలో అయిపోతుంది, పదో తరగతి పిల్లాడు కూడా చెప్పేస్తాడు. అవి అక్కడ ఎలా ఉండగలుగుతున్నాయి అన్న దగ్గరే పుస్తకాలు చాలావరకు నోరు మెదపకుండా దాటేస్తాయి.

కొలతలతో మొదలుపెడదాం. బొండం నీళ్ళలో పొటాషియం ఒక ఎలక్ట్రాన్ వదిలేసి అయాన్‌గా తిరుగుతుంటుంది. దాని కేంద్రకాన్ని ఒక నిమ్మకాయంత చేసి అమలాపురం గడియార స్తంభం కింద పెట్టామనుకోండి, ఆ అయాన్ అంచు దాదాపు 700 మీటర్ల అవతల ఉంటుంది. మధ్యలో ఉన్నదంతా 18 ఎలక్ట్రాన్ల ఇలాకా. బరువు మాత్రం నూటికి 99.9 పాళ్ళకి పైగా ఆ నిమ్మకాయలోనే. ఈ సంగతి పట్టుకున్నది రూథర్‌ఫర్డ్. 1909లో మాంచెస్టర్‌లో ఆయన దగ్గర పనిచేసే గైగర్, మార్స్‌డెన్ పల్చటి బంగారు రేకు మీదకి ఆల్ఫా కణాలు (హీలియం కేంద్రకాలు) వదిలితే, చాలావరకు నేరుగా దూసుకుపోయాయి గానీ వేలల్లో ఒకటి వెనక్కి తిరిగొచ్చింది. 1911లో రూథర్‌ఫర్డ్ దాని అర్థం చెప్పాడు. ఈ కథ ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

పాఠ్యపుస్తకాల్లో ఉండీ ఎవరూ పట్టించుకోని అంకె ఇంకొకటుంది. ఏ కేంద్రకం తీసుకున్నా దాని ఘనపరిమాణం అందులోని కణాల సంఖ్యకి తగ్గట్టే పెరుగుతుంది. 40 కణాల పొటాషియం అయినా, 208 కణాల సీసం అయినా లోపలి సాంద్రత ఇంచుమించు ఒకటే: ఒక ఘన సెంటీమీటరుకి సుమారు 23 కోట్ల టన్నులు. ఆ అంకె చూసి నోరెళ్ళబెట్టడం మామూలే, నేనైతే ఆ ‘ఒకటే’ దగ్గర ఆగమంటాను. లోపలి ప్రతి కణమూ మిగతా అన్ని కణాలనీ లాగుతూ ఉంటే, కణాలు పెరిగేకొద్దీ కేంద్రకం ఇంకా ఇంకా బిగుసుకుపోవాలి, సాంద్రత పెరగాలి. అలా జరగట్లేదు. అంటే ప్రతి కణమూ తన చుట్టుపక్కల ఉన్నవాటినే లాగుతోంది, దూరంగా ఉన్నవి దానికి అందట్లేదు. కేంద్రకం కథంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. ఆ బలం చాలా గట్టిది, కానీ దాని చెయ్యి పొట్టిది.

ఎంత గట్టిది కావాలో చూడండి. ప్రోటాన్లన్నీ ధనావేశాలే, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. రెండు ప్రోటాన్ల మధ్య దూరం 2 ఫెమ్టోమీటర్లు అనుకుందాం, ఫెమ్టోమీటరు అంటే మీటరులో కోటానుకోట్లో వంతు, ఒకటి పక్కన 15 సున్నాలు పెట్టి భాగించాలి. ఆ దూరంలో ఒకదాన్నొకటి తోసుకునే బలం సుమారు 58 న్యూటన్లు. అంటే దాదాపు ఆరు కిలోల బరువు. మన కంటికి కాదు కదా, ఏ మైక్రోస్కోపుకీ ఆనని ఒక్కొక్క ప్రోటాన్ మీద ఆరు కిలోల తోపుడు! పొటాషియం కేంద్రకంలో అలాంటివి 19 ఉన్నాయి, ప్రతిదీ మిగతా 18నీ తోస్తూనే ఉంటుంది, ఎందుకంటే విద్యుత్ బలానికి దూరం హద్దు లేదు. గురుత్వాకర్షణ వచ్చి కాపాడుతుందేమో అనుకోవద్దు, అది ఇక్కడ లెక్కలోకి రానంత చిన్నది.

కాబట్టి ఇంకో బలం ఉండి తీరాలి. దాన్ని బలమైన కేంద్రక బలం అంటున్నాం, పేరు పెట్టడంలో భౌతికశాస్త్రవేత్తలు పెద్దగా కష్టపడలేదు. ఒకటి రెండు ఫెమ్టోమీటర్ల దూరంలో అది విద్యుత్ తోపుడుని చిత్తుగా ఓడించేస్తుంది. మూడు ఫెమ్టోమీటర్లు దాటితే దాదాపు మాయమైపోతుంది. అర ఫెమ్టోమీటరు కంటే దగ్గరికి నొక్కితే అదే బలం తిరగబడి తోస్తుంది, అందుకే కేంద్రకం తనలోకి తాను కుప్పకూలిపోదు. దీనికి ప్రోటానా న్యూట్రానా అన్న తేడా దాదాపుగా లేదు. 1935లో జపాన్‌లో యుకావా, ఈ బలం ఒక మధ్యరకం బరువున్న కణం ఇచ్చిపుచ్చుకోవడం వల్ల పుడుతుందనీ, ఆ కణానికి బరువు ఉండబట్టే బలం దూరం పోలేదనీ ఊహించాడు. ఆ కణం, అంటే పయాన్, 1947లో దొరికింది. ఆ తర్వాత ఇంకో అడుగు లోపలికి వెళ్ళి చూస్తే ప్రోటాన్, న్యూట్రాన్ రెండూ మూడేసి క్వార్కుల ముద్దలు, వాటిని గ్లూవాన్లు కట్టిపడేస్తున్నాయి, మనం కేంద్రక బలం అనుకున్నది ఆ లోపలి కట్టు బయటికి చిందిన మిగులు. ఇందులో ఒక విడ్డూరం చెప్పి వదిలేస్తాను: ఆ మూడు క్వార్కుల సొంత బరువు కలిపితే ప్రోటాన్ బరువులో నూటికి ఒక పాలు, మిగతాదంతా ఆ బంధంలో ఉన్న శక్తే. మనం కాటాలో చూసుకునే బరువు ఇంచుమించు మొత్తం ఇదే బాపతు.

ఇప్పుడు న్యూట్రాన్. 1932లో చాడ్విక్ దీన్ని కనిపెట్టేదాకా కేంద్రకంలో ప్రోటాన్లతో పాటు కొన్ని ఎలక్ట్రాన్లు కూడా ఉంటాయనుకునేవారు. ప్రోటాన్లని అతికించే సిమెంటు న్యూట్రాన్ అని ట్యూషన్లలో చెబుతుంటారు. సగం నిజం. అది లాగుతుంది, తోయదు, ఆ మేరకు లాభమే. మరి అంత మంచిదైతే ఇంకా ఇంకా కలుపుకుంటూ పోవచ్చు కదా, 19 ప్రోటాన్లకి 60 న్యూట్రాన్లు ఎందుకు ఉండవు? ఎందుకంటే ఒకే స్థితిలో ఒకేరకం కణాలు రెండు ఉండకూడదని పౌలీ నియమం. కింది శక్తి స్థాయిలు నిండిపోయాక వచ్చే ప్రతి కొత్త న్యూట్రాన్ పై స్థాయిలోకి పోవాలి, అక్కడ ఉండటం ఖర్చుతో కూడిన పని. ప్రోటాన్లకి వేరే స్థాయిలు, న్యూట్రాన్లకి వేరే స్థాయిలు, కాబట్టి రెండూ ఇంచుమించు సరిసమానంగా నిండితేనే చవక. తేలిక కేంద్రకాల్లో అలాగే ఉంటాయి: కార్బన్ 6-6, ఆక్సిజన్ 8-8, కాల్షియం 20-20. బరువు పెరిగేకొద్దీ ప్రోటాన్ల తోపుడు భరించలేక న్యూట్రాన్లు ఎక్కువ పెట్టుకోవాల్సి వస్తుంది, సీసం-208లో 82 ప్రోటాన్లకి 126 న్యూట్రాన్లు.

చవక, ఖర్చు అంటున్నాను కదా, ఈ లెక్క కొలవొచ్చు. 19 ప్రోటాన్లనీ 21 న్యూట్రాన్లనీ విడివిడిగా తూచి కూడితే వచ్చే మొత్తం కంటే పొటాషియం-40 కేంద్రకం దాదాపు ఒక శాతం తక్కువ తూగుతుంది. ఆ తగ్గిన బరువు అవి కలిసినప్పుడు శక్తిగా బయటికి పోయింది, మళ్ళీ విడదీయాలంటే అంతా తిరిగి కట్టాలి. అదే బంధన శక్తి, దీనికి 341.5 ఎంఈవీ. కణానికి ఎనిమిదిన్నర. ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. గ్యాస్ పొయ్యి మంటలో ఒక్కో అణువు మండితే వచ్చేది కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులే అని గుర్తుపెట్టుకుంటే తేడా ఎంతో తెలుస్తుంది. కోనసీమ కింద ఉన్న గ్యాసంతా ఎలక్ట్రాన్లు సర్దుకుంటే వచ్చే శక్తి, కేంద్రకం లెక్క దానికి పది లక్షల రెట్లు పైన.

సరే, మొదటి ప్రశ్న. మొత్తం 40 కణాలు ఉండే కేంద్రకాల్లో మూడిటిని పక్కపక్కన పెట్టండి. 18 ప్రోటాన్లు 22 న్యూట్రాన్లు ఉంటే ఆర్గాన్-40, బంధన శక్తి 343.8. 20, 20 అయితే కాల్షియం-40, 342.05. మధ్యలో 19, 21తో మనది 341.5. రెండు పక్కలా ఉన్నవి దీనికంటే గట్టిగా కట్టుకుని ఉన్నాయి, మధ్యలో ఇదొక్కటే వదులు. కారణం ఏమిటంటే కేంద్రకంలో ఒకేరకం కణాలు జతలు కట్టడానికి ఇష్టపడతాయి. రెండు ప్రోటాన్లు ఎదురెదురు స్పిన్నులతో (స్పిన్ అంటే కణానికి సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం, ఒక రకం తిరుగుడు అనుకోండి) జతగా ఉంటే కొంత శక్తి కలిసొస్తుంది, న్యూట్రాన్లకీ అంతే. ఆర్గాన్‌లో రెండూ సరిసంఖ్యలే, అందరికీ జత దొరికింది. కాల్షియంలోనూ అంతే. పొటాషియం-40లో 19, 21 రెండూ బేసి, ఒక ప్రోటాన్ ఒంటరి, ఒక న్యూట్రాన్ ఒంటరి. పొటాషియం-39లోనూ 41లోనూ ఒంటరిది ఒక్క ప్రోటానే, న్యూట్రాన్లు 20, 22 కాబట్టి వాటికి గొడవ లేదు. ఇలా రెండు పక్కలా బేసి పడి కూడా చెక్కుచెదరకుండా ఉన్న తేలిక కేంద్రకాలు ప్రకృతిలో నాలుగే: బరువు హైడ్రోజన్ డ్యుటీరియం, లిథియం-6, బోరాన్-10, నైట్రోజన్-14. చివరిది మాత్రం దర్జాగా గాలిలో ముప్పాతిక పాలు ఆక్రమించుకుని కూర్చుంది.

కాబట్టి పొటాషియం-40కి రెండు దారులున్నాయి, రెండూ వాడుకుంటుంది. నూటికి 89 సార్లు లోపలి ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి, ఒక ఎలక్ట్రానూ, ఆవేశం లేని, బరువు దాదాపు లేని యాంటీన్యూట్రినో అనే కణమూ బయటికొచ్చి కాల్షియం అవుతుంది. మిగతా 11 సార్లు కేంద్రకం తన చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లలో ఒకదాన్ని లోపలికి లాక్కుని, ఒక ప్రోటాన్‌ని న్యూట్రాన్‌గా మార్చుకుని ఆర్గాన్ అవుతుంది. మనం పీల్చే గాలిలో 0.93 శాతం ఆర్గాన్, అందులో దాదాపు మొత్తం ఆర్గాన్-40, అదంతా భూమి రాళ్ళలోని పొటాషియం ఇలా మారగా వచ్చిందే. నియాన్, క్రిప్టాన్ లాంటి దాని చుట్టాలు గాలిలో చిటికెడు కూడా లేకపోతే ఆర్గాన్ ఒక్కటే కార్బన్ డయాక్సైడ్‌ని మించి ఎందుకుందో దీంతో తేలిపోతుంది.

ఇక్కడ మా ఇంటర్ పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. “మాస్టారూ, కేంద్రకంలో ఎలక్ట్రాన్లు లేవన్నారు కదండీ, మరి లోపల్నించి ఎలా వచ్చింది?” మంచి ప్రశ్న, ఎందుకంటే 1932కి ముందు పెద్ద పెద్దవాళ్ళు కూడా వస్తోంది కాబట్టి లోపల ఉండే ఉంటుందనే అనుకున్నారు. ఉండడానికి వీల్లేదు. ఎలక్ట్రాన్‌ని నాలుగు ఫెమ్టోమీటర్ల ఇరుకులో బిగిస్తే, అనిశ్చితత్వ నియమం ప్రకారం దానికి 50 ఎంఈవీ దాకా శక్తి ఉండాలి. పొటాషియం నుంచి బయటికొచ్చే ఎలక్ట్రాన్‌కి మహా అయితే 1.31 ఉంటుంది. అంటే అది అక్కడ దాక్కుని లేదు, న్యూట్రాన్ మారిన ఆ క్షణాన అప్పటికప్పుడు పుట్టింది. బల్బులో ముందే వెలుతురు దాచిపెట్టి లేదు కదండీ అంటే వెంటనే ఒప్పుకుంటారు, ఎలక్ట్రాన్ విషయంలోకి వచ్చేసరికి అదేదో గోళీ లాంటి వస్తువు అన్న అలవాటు అడ్డొస్తుంది.

ఆ మాటకొస్తే న్యూట్రాన్ కూడా ఒంటరిగా బయట వదిలితే నిలవదు, పది నిమిషాల్లో సగం న్యూట్రాన్లు ప్రోటాన్లుగా మారిపోతాయి. మరి మీ ఒంట్లో సగానికి కొంచెం తక్కువ బరువు న్యూట్రాన్లే కదా, అవెందుకు మారట్లేదు? కార్బన్ కేంద్రకంలో న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారితే ఆ కొత్త ప్రోటాన్ పై స్థాయిలోకి పోవాలి, దానికయ్యే ఖర్చు మారితే వచ్చే శక్తి కంటే ఎక్కువ. కాబట్టి మారదు. న్యూట్రాన్ గట్టిదా కాదా అని విడిగా అడగడానికి లేదు, ఏ కేంద్రకంలో ఉంది అని అడగాలి.

ఇక రెండో ప్రశ్న, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మారితే లాభం ఉంది, దారి ఉంది, మరి 125 కోట్ల ఏళ్ళు ఎందుకు? పోల్చడానికి సోడియం-24 ఉంది, అదీ రెండు పక్కలా బేసిదే, 11, 13. అది వదిలే ఎలక్ట్రాన్ గరిష్ఠ శక్తి 1.39 ఎంఈవీ, మన పొటాషియంకి దాదాపు సమానం. దాని అర్ధాయువు, అంటే సగం మారిపోవడానికి పట్టే కాలం, 15 గంటలు. ఒకటి మర్నాటికి సగానికి తగ్గిపోతుంది, ఇంకొకటి భూమి పుట్టినప్పటి నుంచీ ఉంది!

తేడా స్పిన్‌లో ఉంది. కేంద్రకం మొత్తానికి ఒక స్పిన్ ఉంటుంది, మార్పు జరిగినప్పుడు ఆ లెక్క సరిపోవాలి. సోడియం-24 స్పిన్ 4, అది మారి చేరుకునే మెగ్నీషియం స్థితి స్పిన్ కూడా 4, కాబట్టి అడ్డేమీ లేదు. పొటాషియం-40 స్పిన్ కూడా 4. కానీ అది చేరాల్సిన కాల్షియం-40లో అన్నీ జతలే, స్పిన్ సున్నా, పైన ఆగడానికి అందుబాటులో ఇంకో స్థితి లేదు. అంటే బయటికొచ్చే ఎలక్ట్రానూ యాంటీన్యూట్రినో రెండూ కలిసి ఆ 4 యూనిట్లనీ మోసుకెళ్ళాలి. అంత చిన్న కేంద్రకం నుంచి అంత తక్కువ శక్తితో అంత కోణీయ ద్రవ్యవేగం పట్టుకెళ్ళడం అసాధ్యం కాదు గానీ, జరిగే అవకాశం చాలా చాలా తక్కువ. ఆ చాలా చాలా తక్కువే 125 కోట్ల ఏళ్ళుగా మనకి కనిపిస్తోంది. ఆర్గాన్ వైపు వెళ్ళేటప్పుడు స్పిన్ 2 ఉన్న ఒక పై స్థితిలో ఆగి, అక్కడి నుంచి 1.46 ఎంఈవీ గామా కిరణం వదిలి కిందికి దిగుతుంది. ఇంటి గోడల ముందు పెట్టినా, కొండరాయి ముందు పెట్టినా గామా కొలిచే పరికరంలో ఆ గీత కనిపించి తీరుతుంది, ఆ పని చేసేవాళ్ళకి అది పాత చుట్టం.

ఆ 4 ఎక్కడిది? దీనికి జవాబు 1949 దాకా దొరకలేదు. అప్పటిదాకా కేంద్రకాన్ని ద్రవ బిందువుగా చూసేవారు, వైజ్‌సాకర్ 1935లో కట్టిన సూత్రం బంధన శక్తుల్ని చక్కగా ఇచ్చేది, యురేనియం ఎందుకు రెండు ముక్కలవుతుందో కూడా మైట్నర్, ఫ్రిష్ ఆ బిందువు బొమ్మతోనే వివరించారు. కానీ 2, 8, 20, 28, 50, 82, 126 అన్న అంకెల దగ్గర కేంద్రకాలు ఉండాల్సినదానికంటే గట్టిగా ఉంటున్నాయి, బిందువుకి అంకెలతో ఏం పని? మరియా గొపర్ట్ మేయర్, అప్పట్లో షికాగో యూనివర్సిటీలో జీతం లేని ప్రొఫెసరు, లోపలి కణాలు స్థాయిల్లో నిండుతాయన్న లెక్కతో కుస్తీ పడుతుంటే, స్పిన్‌కీ కక్ష్యకీ మధ్య బంధం ఏమైనా ఉందా అని ఫెర్మీ అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో అంకెలన్నీ వరసలో పడిపోయాయి. జర్మనీలో జెన్సెన్ కూడా విడిగా అదే జవాబుకి వచ్చాడు, ఇద్దరూ 1963లో నోబెల్ పంచుకున్నారు. ఆ లెక్కలో చూస్తే పొటాషియం-40లో ప్రోటాన్లు 20కి ఒకటి తక్కువ, న్యూట్రాన్లు 20కి ఒకటి ఎక్కువ. ఖాళీ ఉన్న ప్రోటాన్ స్థాయి స్పిన్ మూడు బై రెండు, కొత్త అరలో (20 నిండాక మొదలయ్యే స్థాయిల గుంపులో) ఒంటరిగా ఉన్న న్యూట్రాన్ స్పిన్ ఏడు బై రెండు, ఈ రెండూ కలిస్తే 2 నుంచి 5 దాకా ఏదైనా రావచ్చు, వాటిలో అన్నిటికంటే కింద ఉన్నది 4.

బిందువు బొమ్మా నిజమే, అరల బొమ్మా నిజమే అంటే చాలామందికి చిరాకొస్తుంది. అంత ఇరుకులో కిక్కిరిసిన కణాలు ఢీకొట్టుకోకుండా ఎవరి కక్ష్యలో వాళ్ళు ఎలా తిరుగుతారు అన్నది న్యాయమైన అనుమానమే. దీనికీ పౌలీయే దిక్కు. ఢీకొంటే వేరే స్థాయిలోకి పోవాలి, దగ్గర్లో స్థాయిలన్నీ నిండి ఉన్నాయి, కాబట్టి ఢీకొట్టుకోవు. పుస్తకాల్లో ఎర్ర గోళీలూ నీలం గోళీలూ కుప్పగా అతికించి వేసే బొమ్మ మాత్రం రెండిటికీ చెందదు, పిల్లలకి దాన్ని మొదట చూపించడం వల్ల తర్వాత విడిపించాల్సిన చిక్కు పెరుగుతోందని నా అభిప్రాయం.

ఒక్క పొటాషియంతో అన్నీ తేలవు, బరువు కేంద్రకాల కథ వేరు. దానికి మన తీరం ఇసుకే చాలు. తూర్పు కనుమల రాళ్ళు అరిగి ఏళ్ళ తరబడి సముద్రం ఒడ్డుకి చేరినదాంట్లో తేలిక ఇసుకని అలలు లాక్కుపోతే బరువైనవి నల్లటి చారలుగా మిగులుతాయి. అందులో ఎక్కువగా ఇల్మనైట్, గార్నెట్ లాంటివి, ఆంధ్ర తీరంలో చాలాచోట్ల వాటితో పాటు కొద్దిగా మోనజైట్. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, దాని కేంద్రకంలో 90 ప్రోటాన్లు, 142 న్యూట్రాన్లు. లాగే బలం పక్కవాటి దాకానే, తోసే బలం ఈ చివర నుంచి ఆ చివర దాకా అని చెప్పుకున్నాం కదా, 90 ప్రోటాన్ల దగ్గరికొచ్చేసరికి ఆ తేడా భరించలేనిది అవుతుంది. అప్పుడు కేంద్రకం రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన ఒక కట్టుదిట్టమైన ముద్దని బయటికి వదులుతుంది. అదే ఆల్ఫా కణం, అంటే హీలియం కేంద్రకం. (హీలియం మొదట సూర్యుడి వెలుగులో పసుపు గీతగా బయటపడిన 1868 నాటి గ్రహణాన్ని గుంటూరు నుంచి జాన్సెన్, మచిలీపట్నం నుంచి పోగ్సన్ చూశారు. మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలీదు.)

అయితే ఆ ముద్ద బయటికి రావాలంటే 25 ఎంఈవీకి పైన ఎత్తున్న శక్తి గోడ దాటాలి, దాని దగ్గర ఉన్నది నాలుగు. పాత భౌతికశాస్త్రం ప్రకారం ఎప్పటికీ రాకూడదు. 1928లో గామోవ్ క్వాంటమ్ లెక్క వేసి, గోడ ఎక్కకుండానే అవతల తేలే చిన్న అవకాశం ఉందని చూపించాడు. ఆ అవకాశం శక్తితో పాటు ఎంత విపరీతంగా మారుతుందంటే, నాలుగు ఎంఈవీ ఉన్న థోరియం-232 అర్ధాయువు 1400 కోట్ల ఏళ్ళు, అదే వరసలో కింద వచ్చే పొలోనియం-212కి 8.8 ఎంఈవీ, అర్ధాయువు సెకనులో పది లక్షలో వంతు ఉంటుంది కదా, అందులో మూడోవంతు కూడా లేదు. శక్తి రెండింతలు కాస్త పైన, కాలం తేడా ఒకటి పక్కన 24 సున్నాలు.

థోరియం అలా ఆరు ఆల్ఫాలు, నాలుగు బీటాలు (న్యూట్రాన్ మారినప్పుడు పుట్టే ఎలక్ట్రాన్లు) వదిలి సీసం-208 దగ్గర ఆగుతుంది. 82, 126, రెండూ మేయర్ అంకెలే. దాని పక్కనే 83 ప్రోటాన్లతో ఉన్న బిస్మత్-209 కూడా ఎప్పటికీ ఉంటుందని చాలాకాలం రాసుకున్నారు. 2003లో ఫ్రాన్స్‌లో అదీ ఆల్ఫా వదులుతుందని కొలిచి పట్టుకున్నారు, అర్ధాయువు విశ్వం వయసుకి వంద కోట్ల రెట్లు పైనే. ఇప్పుడు పుస్తకాల్లో నిలకడైన కేంద్రకాల పట్టిక సీసం దగ్గరే ముగుస్తోంది.